అలియాన్స్ ఫ్రాన్సేజ్: చేరబోయే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచ్ నేర్చుకుందాం అనుకోగానే ఎవరో ఒకరు చెప్పే పేరు అలియాన్స్ ఫ్రాన్సేజ్. ఆ వెంటనే సందేహాలు మొదలవుతాయి: అది ఎంబసీదా, కోచింగ్ సెంటరా, కెనడా వెళ్ళడానికి పనికొస్తుందా, యాభై దాటాక చేరితే బాగుంటుందా. తెలిసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఒకచోట పెట్టాను. ఫీజులు, బ్యాచ్ తేదీలు సెషన్ సెషన్‌కీ మారతాయి కాబట్టి వాటిని మీ ఊరి కేంద్రం వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

అసలు అలియాన్స్ ఫ్రాన్సేజ్ అంటే ఏమిటి?

ఫ్రెంచ్ భాష నేర్పడానికి, ఫ్రెంచ్ మాట్లాడే దేశాల సినిమా, సంగీతం, పుస్తకాలు పరిచయం చేయడానికి ప్రపంచమంతటా ఉన్న సంఘాల సమూహం. దాదాపు 130 దేశాల్లో 800కు పైగా కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలో మామూలుగా తరగతి గదులు, ఒక లైబ్రరీ, సినిమాలు వేయడానికో కచేరీలు పెట్టడానికో ఒక హాలు ఉంటాయి. చాలామంది తరగతి గది వరకే వెళ్ళి ఇంటికొచ్చేస్తారు. కట్టిన డబ్బుకు సగం విలువ అక్కడే పోతుంది. దాని సంగతి కింద చెబుతాను.

ఇది ఫ్రెంచ్ ప్రభుత్వానిదా?

కాదు. అలాగని ప్రభుత్వంతో సంబంధం లేదనీ చెప్పలేం. ప్రతి అలియాన్స్ ఆయా దేశపు చట్టం కింద రిజిస్టరైన, లాభాపేక్ష లేని సంఘం. మన దేశంలో ఉన్నవి భారతీయ సంఘాలే. వాటికి ఇక్కడివాళ్ళతో కూడిన కార్యవర్గం, ఒక అధ్యక్షులు ఉంటారు. పారిస్‌లో 2007లో ఏర్పడిన ఫౌండేషన్ ఒకటి ఆ పేరు వాడుకోవడానికి అనుమతి ఇస్తుంది, ప్రమాణాలు చూస్తుంది. ఫ్రెంచ్ విదేశాంగ శాఖ చాలా కేంద్రాలకు డైరెక్టర్‌ను పంపిస్తుంది, కొంత సాయమూ చేస్తుంది. రోజువారీ ఖర్చులకు మాత్రం ప్రధాన ఆధారం విద్యార్థులు కట్టే ఫీజులే.

ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఒక ఊళ్ళో కేంద్రం కళకళలాడుతుంటే ఇంకో ఊళ్ళో నీరసంగా ఉందంటే కారణం చాలావరకు ఇదే. ఎక్కడికక్కడ సభ్యులు, టీచర్లు, డైరెక్టర్ కలిసి నడుపుకునే సంస్థ ఇది. ‘అలియాన్స్ బాగుంటుందా?’ అని ఎవరైనా అడిగితే ‘ఏ ఊరిది?’ అని తిరిగి అడగాలి.

ఎప్పుడు పెట్టారు? ఎందుకు?

1883 జూలై 21న, పారిస్‌లో. అంతకు పన్నెండేళ్ళ ముందు జర్మన్ రాజ్యం ప్రష్యాతో యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయింది, అల్సాస్‌ను, లొరేన్‌లో కొంత భాగాన్ని పోగొట్టుకుంది. సైన్యంతో పోయిన పరువును భాషతో నిలబెట్టుకోవాలన్న ఆలోచన అప్పటి పెద్దమనుషుల్లో బలంగా ఉండేది. దౌత్యవేత్త పోల్ కాంబోన్ చొరవ తీసుకున్నాడు. రేబిస్ టీకాతో పేరు తెచ్చుకున్న లూయీ పాశ్చర్, సూయజ్ కాలువ తవ్వించిన ఫెర్దినాన్ ద లెసెప్స్, సాహస నవలల జూల్ వెర్న్ వంటివాళ్ళు వెంట నిలిచారు. మరుసటి ఏడాదే బార్సిలోనాలోనూ మారిషస్‌లోనూ శాఖలు వెలిశాయి. బ్రిటిష్ కౌన్సిల్ 1934లో, జర్మనీ గోథే ఇన్‌స్టిట్యూట్ 1951లో వచ్చాయి. సొంత భాషను పరాయి దేశాల్లో నేర్పించే సంస్థల్లో ఇది చాలా పాతది.

ఒక విషయం దాచకూడదు. సంస్థ మొదటి పూర్తి పేరులోనే ‘వలసల్లోనూ విదేశాల్లోనూ ఫ్రెంచ్ భాషా వ్యాప్తి’ అన్న మాటలున్నాయి. అది వలసల కాలపు పథకమే. రెండో ప్రపంచ యుద్ధంలో పరిస్థితి తలకిందులైంది. 1940లో జర్మన్లు పారిస్ కార్యాలయాన్ని మూయించేశారు. మూడేళ్ళ తర్వాత, సంస్థ అరవయ్యో ఏట, దేశం బయట నుంచి పోరాడుతున్న ఫ్రెంచి నాయకుడు ద గోల్ అల్జీర్స్‌లో దాని గురించి ప్రత్యేకంగా ప్రసంగించాడు. అప్పటికి అది ఆక్రమణలో ఉన్న దేశం తరఫున బయట నిలబడ్డ గొంతు. ఒకే సంస్థ చరిత్రలో ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

మన దేశంలో ఎక్కడెక్కడ ఉన్నాయి?

అన్నిటికన్నా పాతది పుదుచ్చేరిది, 1889 నాటిది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌లో ఉంది. చెన్నైలో నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులో ఉన్నది ఇప్పటికీ ‘మద్రాసు’ అన్న పాత పేరే పెట్టుకుంది. బెంగళూరు, ఢిల్లీ, ముంబయి, పుణె, కోల్‌కతా, అహ్మదాబాద్, చండీగఢ్, తిరువనంతపురం, భోపాల్ వంటి చోట్ల కూడా కేంద్రాలున్నాయి.

పుదుచ్చేరిలో ‘ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్’ అని ఇంకొకటి ఉంది కదా, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. అది 1955లో పెట్టిన పరిశోధన సంస్థ. తాళపత్రాలు, పర్యావరణం, సమాజ శాస్త్రాల మీద పనిచేస్తుంది. అక్కడికి వెళ్ళి ఎ1 (మొదటి స్థాయి) బ్యాచ్ ఎప్పుడని అడిగితే చక్కగా అలియాన్స్‌కు దారి చూపిస్తారు.

తెలుగువాళ్ళకు ఫ్రెంచ్‌తో ఏం సంబంధం?

చాలామంది అనుకునేదాని కన్నా ఎక్కువే. మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ళు 1669లో వర్తక స్థావరం పెట్టారు. ఊళ్ళో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి విజయనగరం రాజుతో కలిసి వచ్చిన బుస్సీ ఫ్రెంచి సేనాని. బుర్రకథ విన్న ప్రతివాళ్ళకూ ఆ పేరు తెలుసు, ఆయనది ఏ దేశమో మాత్రం అడిగితే ఆగి ఆలోచిస్తారు. హైదరాబాద్‌లో నిజాం సైన్యానికి నాయకత్వం వహించి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి మలక్‌పేట వైపు గుట్ట మీద ఉంది. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు.

యానాం సంగతి వేరే చెప్పాలి. గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర ప్రాంతం మధ్య, పూర్తిగా తెలుగు ఊరు. అయినా 1954 దాకా ఫ్రెంచి పాలన కిందే ఉంది. చట్టప్రకారం భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం.

ఇంకో కథ సముద్రం దాటి వెళ్ళినవాళ్ళది. 1820ల చివర్లో యానాం నుంచి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రియూనియన్‌కు చెరకు తోటల పనికి తీసుకెళ్ళారు. పక్కనున్న మారిషస్ అప్పటికి బ్రిటిష్ చేతిలో ఉన్నా జనం నోట ఫ్రెంచి, దాన్నుంచి పుట్టిన క్రియోల్ నడిచేవి. కోరంగి రేవు నుంచి ఎక్కిన తెలుగువాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఈ రోజు ఫ్రెంచ్‌లో పేపరు చదువుతూ, ఉగాదికి పచ్చడి కలుపుకుంటున్నారు. ఫ్రెంచ్ మనకు కొత్తగా కాల్ సెంటర్లతో వచ్చిన భాషేం కాదు.

చేరాలంటే ముందే కొంచెం ఫ్రెంచ్ రావాలా? ఇంగ్లిష్ బాగా రావాలా?

ఫ్రెంచ్ ఒక్క ముక్క రాకపోయినా ఎ1లో చేరొచ్చు. ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు. మొదటి రోజు నుంచే క్లాసు ఎక్కువగా ఫ్రెంచ్‌లో, సైగలతో, బొమ్మలతో నడుస్తుంది. మొదటి రెండు వారాలు ఏమీ అర్థం కానట్టే ఉంటుంది. ఎక్కువమంది మానేసేది అప్పుడే. ఆ రెండు వారాలు ఓపిక పట్టండి.

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. తొంభై ఐదు మార్కులు వచ్చాయి. నేరుగా బి1లో చేరొచ్చా?

ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతారు, రాయండి. మార్కుల మెమో చూసి బి1 ఇవ్వరు. ఇంటర్ ఫ్రెంచ్‌లో ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టి గట్టెక్కినవాళ్ళు ‘నిన్న ఏం చేశారు?’ అని అడిగితే నీళ్ళు నమలడం మామూలే. వాళ్ళను మళ్ళీ ఎ1 చివర్లోనో ఎ2లోనో వేస్తే అవమానంగా భావించకండి. గ్రామర్ ఇప్పటికే తెలుసు కాబట్టి నోరు తిరగడం ఒక్కటే మిగులుతుంది, తొందరగా పైకి వస్తారు.

ఈ ఎ1, బి2 లెవెల్స్ ఏమిటి? ఎంతకాలం పడుతుంది?

ఐరోపా భాషలన్నిటికీ కలిపి కౌన్సిల్ ఆఫ్ యూరప్ తయారుచేసిన మెట్లు అవి: ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. ఎ2 దాకా వస్తే బజారులో, రైల్వే స్టేషన్‌లో పని నడుస్తుంది. బి1తో మీ గురించి, మీ పని గురించి నాలుగు మాటలు పొందికగా చెప్పగలరు. బి2 అంటే వాదించగలరు, పేపరు చదివి అభిప్రాయం చెప్పగలరు. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్‌లో డిగ్రీ చదవాలన్నా, భాష మీద ఆధారపడిన ఉద్యోగం కావాలన్నా బి2నే లెక్కలోకి తీసుకుంటారు.

ఎ1కు సుమారు 100 నుంచి 120 గంటల క్లాసు కావాలన్నది మామూలు అంచనా. సున్నా నుంచి బి2కి 550 నుంచి 650 గంటలు. వారాంతపు బ్యాచ్‌లో వారానికి ఐదారు గంటలే ఉంటాయి కాబట్టి బి2కి రెండేళ్ళ పైనే అనుకోండి. రోజువారీ ఇంటెన్సివ్ బ్యాచ్‌లో ఏడాది లోపే వస్తుంది, కానీ ఉద్యోగం చేస్తూ అది కుదరదు. ‘మూడు నెలల్లో బి2’ అనే ప్రకటన ఎక్కడ కనిపించినా పక్కకు తప్పుకోండి.

తెలుగువాళ్ళకు ఏది కష్టం, ఏది తేలిక?

కష్టం మొదట చదవడంలోనే వస్తుంది. మనం రాసిందల్లా పలుకుతాం, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఫ్రెంచ్‌లో మాట చివరి హల్లులు చాలాసార్లు మౌనం. అదే హల్లు పక్క మాట అచ్చుతో మొదలైతే మళ్ళీ లేచి దానికి అంటుకుంటుంది. సంధి చదువుకున్నవాళ్ళకు ఇది పెద్ద వింత కాదు. పెదాలు ‘ఉ’ అనడానికి గుండ్రంగా పెట్టి నాలుకతో ‘ఇ’ అనాల్సిన అచ్చు ఒకటుంది. అది అద్దం ముందు నిలబడి సాధన చేయాల్సిందే.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. ఫ్రెంచ్ ‘త’, ‘ద’లు పళ్ళకు నాలుక తగిలేవి, అచ్చం మనవే. ఇంగ్లిష్ అలవాటుతో వాటిని ‘ట’, ‘డ’ చేసేస్తుంటాం. ఆ అలవాటు వదిలేస్తే చాలు, ఉచ్చారణ సగం చక్కబడుతుంది. నువ్వు, మీరు తేడా వాళ్ళకూ ఉంది. ఎవరిని మీరు అనాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్ వాళ్ళే ఇక్కడ తడబడతారు.

ఇక బల్ల ఆడది, పుస్తకం మగది అనే గొడవకు మందు లేదు. కొత్త మాట నేర్చుకున్నప్పుడే దాని ముందుండే చిన్న మాటతో కలిపి నేర్చుకోవాలి. అంకెల విషయంలో డెబ్బై అంటే అరవై పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై అంటే నాలుగు ఇరవైల పది. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో డెబ్బైకీ తొంభైకీ సూటి మాటలున్నాయి. పరీక్షలో ఫోన్ నంబరు వినిపించినప్పుడు ఆ దేశాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

డెల్ఫ్, డాల్ఫ్, టీసీఎఫ్, టెఫ్: ఏది రాయాలి?

ఎందుకు రాస్తున్నారో ముందు తేల్చుకోండి. చాలామంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే.

డెల్ఫ్ (ఎ1 నుంచి బి2 వరకు), డాల్ఫ్ (సి1, సి2) ఫ్రెంచ్ విద్యాశాఖ ఇచ్చే డిప్లొమాలు. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతాయి. డెల్ఫ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం వందకు 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. ఎ1, ఎ2 రాయకుండా నేరుగా బి1 రాయొచ్చు. చదువుకు, ఉద్యోగానికి ఇవి పనికొస్తాయి.

టీసీఎఫ్, టెఫ్‌లలో పాస్, ఫెయిల్ ఉండవు. ఆ రోజున మీ స్థాయి ఎంతో కొలిచి చెబుతాయి. ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. కెనడా వలసకు వీటిలోనే ‘కెనడా’ అని పేరున్న ప్రత్యేక రకాలు కావాలి. డెల్ఫ్ బి2 ఉన్నా కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి (పాయింట్లు చూసి శాశ్వత నివాసానికి, అంటే పీఆర్‌కు, పిలిచే పద్ధతికి) అది లెక్కలోకి రాదు. ఇది తెలియక డెల్ఫ్ రాసి, మళ్ళీ టీసీఎఫ్ ఫీజు కట్టినవాళ్ళు ఎందరో. అన్ని కేంద్రాల్లో అన్ని పరీక్షలూ జరగవు. ముందుగా ఫోన్ చేసి అడగండి.

కెనడా పీఆర్ కోసమే నేర్చుకుంటే?

నేర్చుకోండి, తప్పేం లేదు. కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకు వేరే కేటగిరీ పెట్టింది. ఆ డ్రాల్లో, అంటే అభ్యర్థులను పిలిచే విడతల్లో, కటాఫ్ మామూలు డ్రాల కన్నా బాగా తక్కువగా ఉంటూ వచ్చింది. దానికి నాలుగు భాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కు కెనడా వాడే కొలమానం) 7 రావాలి. టీసీఎఫ్ కెనడా లెక్కలో వినడంలో 458, చదవడంలో 453, రాయడంలోనూ మాట్లాడటంలోనూ 20కి 10 చొప్పున. ఇంచుమించు బి2 స్థాయి అన్నమాట. ఇంగ్లిష్ కూడా సరిపడా ఉంటే ఫ్రెంచ్‌కు 50 అదనపు పాయింట్లు వస్తాయి. ఈ దారి క్యూబెక్ బయట స్థిరపడేవాళ్ళకు. క్యూబెక్‌కు వేరే పద్ధతి ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు కెనడా ప్రభుత్వ సైట్ చూసుకోండి, కన్సల్టెన్సీ మాట మీద ఆగిపోకండి.

నా మాట ఒకటే. మాట్లాడే పరీక్ష పన్నెండు నిమిషాలు, ఎదురుగా మనిషి కూర్చుంటారు. మోడల్ పేపర్లు తిరగేసి వినడం, చదవడం నెట్టుకురావచ్చు గానీ ఆ పన్నెండు నిమిషాల్లో బట్టీ బయటపడిపోతుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. మిగతా మూడూ బాగా వచ్చి అదొక్కటి తగ్గినా లాభం లేదు.

ఫ్రెంచ్ వస్తే ఉద్యోగం వస్తుందా?

ఒక్క ఫ్రెంచ్‌తో రావడం కష్టం. ఫ్రెంచ్‌తో పాటు అకౌంట్స్, సాఫ్ట్‌వేర్ సపోర్ట్, ఫార్మా డాక్యుమెంట్లు, టూరిజం లాంటిది ఇంకేదైనా చేతిలో ఉంటే విలువ పెరుగుతుంది. ఎ2 సర్టిఫికెట్‌ను రెజ్యూమేలో పెడితే అలంకారమే. టీచింగ్ ఇష్టమైతే స్కూళ్ళలో అవకాశాలుంటాయి. దానికి హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) వంటి యూనివర్సిటీలో డిగ్రీ చేయడం మేలు.

అలియాన్స్‌లో చదివితే వీసా తేలికగా వస్తుందా?

రాదు. వీసాతో దానికి సంబంధం లేదు. ఫ్రాన్స్‌లో చదువు గురించి సలహా కావాలంటే ఫ్రాన్స్‌లో చదువుల సమాచారం ఇచ్చే ఫ్రెంచ్ ప్రభుత్వ సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్‌ను అడగండి.

పిల్లలకు, రిటైరైనవాళ్ళకు క్లాసులుంటాయా?

ఉంటాయి. పిల్లలకు డెల్ఫ్‌లోనే ప్రిమ్, జూనియర్ అని వయసుకు తగ్గ పరీక్షలున్నాయి. పెద్దవాళ్ళ సంగతంటారా, పగటి బ్యాచ్‌లో ఫ్రాన్స్‌లో ఉన్న మనవరాలితో మాట్లాడటానికి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు కనిపిస్తారు. క్లాసులో ఎవరూ ఎవరినీ చూసి నవ్వరు. అందరూ తప్పులు మాట్లాడేవాళ్ళే.

యాప్‌తో ఇంట్లోనే నేర్చుకోవచ్చుగా?

మాటలు నేర్చుకోవచ్చు, మాట్లాడటం రాదు.

ఆన్‌లైన్ క్లాసా, వెళ్ళి కూర్చునే క్లాసా?

ట్రాఫిక్‌లో రోజూ రెండు గంటలు పోయేటట్టయితే ఆన్‌లైనే నయం. లేదంటే వెళ్ళండి. కారణం క్లాసు కాదు, క్లాసు చుట్టూ ఉండేది.

చుట్టూ ఏముంటుంది? చదవకుండా ఊరికే రావచ్చా?

రావచ్చు. చాలా కార్యక్రమాలు అందరికీ, చాలావరకు ఉచితం. జూన్ 21న ఫెత్ ద లా మ్యూజిక్ చేస్తారు. 1982లో ఫ్రాన్స్‌లో మొదలైన సంగీత దినం అది. మన దేశంలోని కేంద్రాల్లో ఆ రోజు ఊరి బ్యాండ్లన్నీ వచ్చి వాయిస్తాయి. మార్చి 20 ఫ్రాంకోఫోనీ దినం, అంటే ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళందరి దినం. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళతో సినిమాలు, ఫొటో ప్రదర్శనలు, ఇక్కడి చిత్రకారుల ఎగ్జిబిషన్లు ఏడాది పొడవునా ఉంటాయి. మీ ఊరి నాటక బృందానికి హాలు కావాలంటే అడిగి చూడండి, వింటారు.

లైబ్రరీలో పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టండి. ఎ2 వాళ్ళు నవల తీసుకెళ్ళి మూడో పేజీలో ఆపేస్తుంటారు. కామిక్స్ తీసుకుంటే బొమ్మే సగం అర్థం చెబుతుంది. చాలా కేంద్రాల్లో సభ్యత్వంతో పాటు కల్చర్‌తెక్ అనే డిజిటల్ లైబ్రరీ కూడా వస్తుంది. అది ఉందని తెలియకుండానే కోర్సు ముగించేవాళ్ళు చాలామంది.

ఫ్రెంచ్ సంస్కృతి అంటే పారిస్, ఈఫిల్ టవరేనా?

మంచి కేంద్రంలో అలా ఉండదు. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళు 32 కోట్ల పైమాటే. వాళ్ళలో సగానికి పైగా ఆఫ్రికాలో ఉన్నారు. సెనెగల్ సినిమా, కాంగో పాట, క్యూబెక్ యాస, బెల్జియం కామిక్స్ అన్నీ ఇందులోవే. మీ కేంద్రంలో ఏడాదంతా చీజ్, క్రొసాన్‌ల చుట్టూనే కార్యక్రమాలు తిరుగుతుంటే డైరెక్టర్‌ను అడగండి, ‘ఆఫ్రికా సినిమా ఎప్పుడు వేస్తారు?’ అని. సభ్యులుగా అడిగే హక్కు మీకుంది.

వలస పాలకుల భాషను మనం డబ్బు కట్టి నేర్చుకోవడం ఏమిటి?

ఇంగ్లిష్‌లో ఫారం నింపుతూ ఈ ప్రశ్న అడిగిన పెద్దాయన ఒకరున్నారు. ప్రశ్న మాత్రం తేలికైనది కాదు. చరిత్ర పైన చెప్పాను. యానాం కూలీల కథ ఫ్రెంచి రికార్డుల్లోనే ఉంది. దాన్ని చదవాలంటే ఆ భాష వచ్చిన తెలుగువాళ్ళు కావాలి. మచిలీపట్నం వర్తకం, బుస్సీ ఉత్తరాలు, యానాం పాలన కాగితాలు కూడా అంతే. నాకైతే ఫ్రెంచ్ నేర్చుకోవడానికి కెనడా కన్నా ఇదే బలమైన కారణంగా కనిపిస్తుంది.

మా ఊళ్ళో కేంద్రం లేదు. ఏం చేయాలి?

హైదరాబాద్, చెన్నై కేంద్రాల ఆన్‌లైన్ బ్యాచ్‌లు చూడండి. పరీక్షకు మాత్రం వెళ్ళక తప్పదు. దానికి ముందే సీటు బుక్ చేసుకోండి, తొందరగా నిండిపోతాయి. ఫ్రెంచ్ టీవీ ఛానల్ టీవీ5మోండ్ సైట్‌లో ఎ1 నుంచి బి2 దాకా వీడియో అభ్యాసాలు ఉచితంగా ఉన్నాయి. ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో తేలిక ఫ్రెంచ్‌లో వార్తలు వస్తాయి. అవి బి1 నుంచి పనికొస్తాయి. ఊళ్ళో ఇంకో ఇద్దరు నేర్చుకునేవాళ్ళు దొరికితే ఆదివారం గంటసేపు కూర్చుని ఫ్రెంచ్‌లోనే మాట్లాడుకోండి, తప్పులతోనే. ముగ్గురికి ఐదుగురు తోడైతే దగ్గర్లోని అలియాన్స్‌కు రాయండి. విడిగా బ్యాచ్ పెట్టే వీలుందేమో చెబుతారు.